టోల్కీనా, సాండర్సనా? మీరు పాట ఎలా వింటారో చెప్పండి, పుస్తకం సంగతి నేను చెప్తా

ఫాంటసీ (మంత్రాలు, లేని లోకాల కథలు) ఏ రచయితతో మొదలుపెట్టాలి అని ఎక్కడ అడిగినా పదిమంది పది పేర్లు చెప్తారు, అందులో సగం వెయ్యి పేజీల దిండ్లే. నేనూ కొన్నాళ్ళు అలాగే చెప్పేదాన్ని. మా టీమ్‌లో ఒకబ్బాయి రోజంతా చెవుల్లో హెవీ మెటల్ పెట్టుకుని కూర్చునేవాడు. మెటల్ అంటే కత్తులు, పుర్రెలు, యుద్ధాలు కదా అనుకుని స్టీవెన్ ఎరిక్సన్ మొదటి పుస్తకం చేతిలో పెట్టాను. ఎనభయ్యో పేజీ దగ్గర ఆపేశాడు. మొహమాటానికి మూడు వారాలు బ్యాగులో మోసి తిరిగిచ్చాడు. వెళ్తూ వెళ్తూ నా బల్ల మీదున్న ఉర్సులా లెగ్విన్ పుస్తకం, సన్నగా ఉంది కదా అని తీసుకెళ్ళి రెండు రాత్రుల్లో ముగించేశాడు. అదేంటయ్యా అంటే, "మెటల్‌లో నేను వినేది స్పీడు కాదక్కా, ఒక్క స్వరం అలా మోగుతూ ఉండిపోతుంది చూడు, దానికోసం వింటా" అన్నాడు.

నా తప్పు అప్పుడు తెలిసింది. ఏ పాటలు వింటారు అని అడిగితే లాభం లేదు, పాటని ఎలా వింటారు అని అడగాలి. అప్పట్నుంచీ ఎవరు సలహా అడిగినా ముందు సంగీతం గురించే అడుగుతున్నాను. జనం కాస్త వింతగా చూస్తారు గానీ, పుస్తకాలు తిరిగొచ్చేయడం మాత్రం తగ్గింది.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, పెద్దది: కొత్త పాట మొదలవగానే మీ చెవి ముందు దేన్ని పట్టుకుంటుంది? మాటల్నా, రాగాన్నా, తాళాన్నా? కొంతమందికి సాహిత్యం వినపడకపోతే పాటే వినపడదు, ఎవరు రాశారో కనుక్కునేదాకా నిద్రపట్టదు. కొంతమందికి మాట ఒక్కటీ గుర్తుండదు గానీ ఆ రాగం వారం రోజులు ఇంట్లో తిరుగుతూ ఉంటుంది. ఇంకొంతమంది బల్ల మీద వేళ్ళతో దరువేస్తూ వింటారు, లెక్క ఎక్కడ కలుస్తుందా అని చూస్తారు. ఫాంటసీ రచయితలు కూడా దాదాపు ఈ మూడు రకాలే. వాక్యం కోసం చదివించేవాళ్ళు, వాతావరణం కోసం చదివించేవాళ్ళు, కట్టడం కోసం చదివించేవాళ్ళు.

రెండోది ఓపిక. ముప్పావుగంట ఆలాపన కూర్చుని వినగలరా, లేక పల్లవి రెండో నిమిషంలో రావాలా? ఇందులో గొప్పతనం ఏమీ లేదు, ఎవరి రోజు ఎలా గడుస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. రోజూ రెండు గంటలు మెట్రోలో వెళ్ళేవాళ్ళ ఓపిక వేరు, పిల్లలు పడుకున్నాక దొరికే ఇరవై నిమిషాల్లో చదివేవాళ్ళ ఓపిక వేరు.

మూడోది, కథ పూర్తయిందా లేదా. సీరియళ్ళకి అలవాటుపడ్డ మనకి ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, ఫాంటసీలో ఇది గుండెకోత. పదేళ్ళకి పైగా తర్వాతి భాగం కోసం ఎదురుచూస్తున్న పాఠకులున్నారు.

నాలుగోది మనం పైకి ఒప్పుకోం: ఇంగ్లీషు. ఈ పుస్తకాలు మనలో చాలామంది ఇంగ్లీషులోనే చదువుతాం. ఆఫీసు మెయిళ్ళకి సరిపోయే ఇంగ్లీషుతో కొందరు హాయిగా చదివేయొచ్చు, కొందరి దగ్గర ప్రతి పేజీకీ తడుముకోవాలి. అది తెలివికి సంబంధించింది కాదు, ఆ రచయిత ఏ కాలపు ఇంగ్లీషు రాశాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

తొందరలో ఉన్నవాళ్ళు ఈ పట్టిక చూసి వెళ్ళిపోవచ్చు. మిగతావాళ్ళు కిందకి రండి, పట్టికలో పట్టని సంగతులే ఎక్కువ.

| రచయిత | మన చెవికి | మొదట చదవాల్సింది | కథ పూర్తయిందా | ఇంగ్లీషు |
|---|---|---|---|---|
| టోల్కీన్ | పద్యనాటకం | ద హాబిట్ | అయింది | పాతకాలపు నడక |
| లెగ్విన్ | మైకు లేని వీణ | ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ | అయింది | చిన్న మాటలు, లోతు |
| ప్రాచెట్ | బుర్రకథ | గార్డ్స్! గార్డ్స్! | దేనికదే పూర్తి | శ్లేషలు, కష్టమే |
| మార్టిన్ | రాగమాలిక | ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్ | కాలేదు | మధ్యస్థం |
| సాండర్సన్ | తని ఆవర్తనం | మిస్ట్‌బోర్న్ మొదటి భాగం | మొదటి మూడూ అయ్యాయి | తేలిక |
| ఎరిక్సన్ | మధ్యలో దూరిన కచేరీ | గార్డెన్స్ ఆఫ్ ద మూన్ | పది భాగాలూ అయ్యాయి | కష్టం |
| రాబిన్ హాబ్ | ముఖారి | అసాసిన్స్ అప్రెంటిస్ | అయింది | తేలిక, నెమ్మది |
| రాత్‌ఫస్ | తీగ తెగిన వాద్యం | ద నేమ్ ఆఫ్ ద విండ్ | కాలేదు | మధ్యస్థం |

టోల్కీన్: పద్యం అందుకుంటే కథ ఆగాల్సిందే

టోల్కీన్ గురించి అందరూ చేసే ఫిర్యాదు ఒకటే. కథ మంచి పట్టులో ఉండగా ఎవడో ఒకడు లేచి పాట పాడతాడు, అదీ నాలుగైదు చరణాలు. చాలామంది ఆ పాటలు దాటేసి చదువుతారు. నాకు మాత్రం మన వాళ్ళకి ఈ ఫిర్యాదు చేసే హక్కు లేదనిపిస్తుంది. యుద్ధరంగం మధ్యలో రథం ఆపి పద్యం అందుకుంటే, రాగం తీసినంతసేపూ కదలకుండా కూర్చుని, అయిపోయాక వన్స్ మోర్ కొట్టిన తాతల మనవలం మనం. పద్యనాటకంలో ఏం జరగబోతోందో జనానికి ముందే తెలుసు, కౌరవులు ఓడిపోతారని ఎవరికీ అనుమానం లేదు. టోల్కీన్‌ని కూడా అలా చదవాలి. ఏం జరుగుతుందో అన్న టెన్షన్ కోసం కాకుండా, ఆ ఊళ్ళో ఉండటం కోసం.

ఆయన నెమ్మది ఎంతంటే, ఆయన పెద్ద నవల ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌లో బిల్బో అనే పెద్దాయన పుట్టినరోజు విందుకీ, అతని వారసుడు ఫ్రోడో మంత్రపుటుంగరం తీసుకుని ఊరు దాటడానికీ మధ్య కథలో 17 ఏళ్ళు గడుస్తాయి. సినిమా చూసి పుస్తకం తెరిచినవాళ్ళు సరిగ్గా ఇక్కడే పడిపోతారు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు చెప్పిన ప్రొఫెసరు. ముందు భాషలు అల్లుకుని, ఆ భాషలు మాట్లాడే జనం కోసం తర్వాత కథలు కట్టుకున్నాడు. అందుకే ఊళ్ళ పేర్లు, నదుల పేర్లు పైకి చదివితే ఒక నాదం ఉంటుంది. రాగం పట్టుకునే చెవి ఉన్నవాళ్ళకి ఇది పండగ, తాళం కోసం చూసేవాళ్ళకి నస.

అసలు సంగీతం ఆయన లోకంలో అలంకారం కూడా కాదు, పునాది. ఆయన పోయాక 1977లో కొడుకు క్రిస్టఫర్ కూర్చి వేయించిన ద సిల్మరిలియన్ మొదట్లో సృష్టి జరిగేదే పాటతో. పరమాత్మ ఒక స్వరం ఇస్తాడు, దేవగణాలు అందుకుని పాడతాయి, వాళ్ళలో ఒకడు తన గొంతే పైకి వినపడాలని అపశ్రుతి తెస్తాడు. లోకంలో చెడు పుట్టింది ఆ అపశ్రుతిలోంచే. నాదబ్రహ్మ అన్నమాట చిన్నప్పట్నుంచీ వింటున్న మనకి ఈ నాలుగు పేజీలు ఎంత దగ్గరగా ఉంటాయో చెప్పలేను. కానీ ఇది మొదటి పుస్తకంగా ఎవరికీ ఇవ్వకండి. పేర్లతోనే తల తిరుగుతుంది.

ద హాబిట్ (1937) తో మొదలుపెట్టండి, పిల్లల కోసం రాసింది, త్వరగా అయిపోతుంది. అది నచ్చి, పెద్దది (ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్) చదవలేకపోతే దాని ఆడియో వినండి. సినిమాల్లో గొల్లమ్ వేషం వేసిన ఆండీ సెర్కిస్ మొత్తం చదివాడు, పాటలు కూడా పాడాడు. దాటేయడానికి మనసొప్పదు.

పడమటి రాక్ సంగీతానికి టోల్కీన్ ఎంత మేత వేశాడంటే, లెడ్ జెపెలిన్ అనే బ్యాండు 1969లోనే ఒక పాటలో ఆయన కథల్లోని మోర్డార్ అనే చీకటి రాజ్యాన్నీ గొల్లమ్‌నీ తెచ్చేసింది. జర్మనీ బ్యాండు బ్లైండ్ గార్డియన్ 1998లో ఏకంగా సిల్మరిలియన్ మీద ఒక ఆల్బమ్ చేసింది. మెటల్ వింటూ టోల్కీన్ చదవనివాళ్ళు అక్కడ తక్కువే అనుకుంటా.

లెగ్విన్: మైకు అక్కర్లేని వీణ

నా సొంత ఓటు ఎవరికని అడిగితే ఈవిడకే, కాబట్టి ఈ భాగం కాస్త పక్షపాతంగా ఉంటే సర్దుకోండి.

ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ 1968లో వచ్చింది. రెండొందల పేజీలు, అటూ ఇటూ. దీవుల లోకం, గెడ్ అనే కుర్రాడు, అతని రంగు చామనఛాయ (ఆ రోజుల్లో ఫాంటసీ వీరుడు అలా ఉండటం చిన్న విషయం కాదు, చాలా ఏళ్ళు ముఖచిత్రాల మీద అతన్ని తెల్లగా వేస్తే ఆవిడ కోప్పడింది కూడా). ఇక్కడ మంత్రమంటే వస్తువు అసలు పేరు తెలుసుకోవడం. పేరు తెలిస్తే దాని మీద పట్టు దొరుకుతుంది, కానీ ఒకచోట కదిపితే ఇంకోచోట కదులుతుంది, అందుకే పెద్ద మంత్రగాళ్ళు మంత్రం వేయకుండా ఉండటమే ఎక్కువ. వీణ మీద మీటిన స్వరం ఆగిపోయాక కూడా ఒక క్షణం గాల్లో ఉంటుందే, ఈవిడ వాక్యాలు అలా ఉంటాయి. చిన్న మాటలే, నిఘంటువు అక్కర్లేదు. కానీ వేగంగా చదివితే ఏమీ మిగలదు. రాత్రి ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేనప్పుడు చదవండి, వెనక పాటలు పెట్టుకోకుండా.

చెవి విషయం ఆవిడ స్వయంగా చెప్పుకున్నదే. రాయడం నేర్పే పుస్తకం ఒకటి రాస్తే, మొదటి అధ్యాయం వాక్యం చప్పుడు గురించి పెట్టింది. 1985లో ఒక నవలతో పాటు క్యాసెట్ కూడా వేయించింది. ఎప్పుడో రాబోయే ఒక జాతి వాళ్ళ పాటలు, లేని భాషలో, టాడ్ బార్టన్ అనే సంగీతకారుడితో కలిసి. నవలతో క్యాసెట్ ఇచ్చిన రచయితలు ఇంకెంతమంది ఉంటారు!

లోపం చెప్పాలంటే, హుషారు తక్కువ. నవ్వించదు. యుద్ధాలు కావాలంటే లేవు. మొదటి మూడూ చదివాక 1990లో వచ్చిన టెహానూ చదవండి, పద్దెనిమిదేళ్ళ తర్వాత అదే లోకానికి తిరిగొచ్చి, మంత్రవిద్య మగవాళ్ళకే ఎందుకయిందీ అని తన కథనే తను నిలదీసింది. పాత కీర్తన అరవై ఏళ్ళ వయసులో మళ్ళీ పాడితే సంగతులు మారతాయి కదా, అలా. కొంతమంది అభిమానులకి నచ్చలేదు. నాకు నాలుగింట్లో అదే ఇష్టం.

సాండర్సన్: తని మొదలైంది, కాఫీకి లేవకండి

కచేరీలో తని ఆవర్తనం (మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) మొదలవగానే సగం హాలు కాఫీకి లేస్తుంది. మిగిలిన సగం ముందుకు జరిగి, తొడ మీద తాళం వేసుకుంటూ, ముక్తాయింపు ఎక్కడ పడుతుందా అని ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. బ్రాండన్ సాండర్సన్ ఆ రెండో సగానికి రాస్తాడు.

ఆయన మంత్రాలకి లెక్కుంటుంది. మిస్ట్‌బోర్న్ (2006) లో లోహం మింగితే శక్తి వస్తుంది, ఏ లోహానికి ఏ శక్తో, ఎంతసేపుంటుందో ముందే చెప్పేస్తాడు. చదివేవాడికి మంత్రం ఎంత బాగా అర్థమైతే, దాంతో కథలో చిక్కుముడి విప్పడానికి రచయితకి అంత హక్కుంటుందని ఆయనే ఒక సూత్రం రాసిపెట్టుకున్నాడు. తాళం ఏదో జనానికి తెలియకపోతే మృదంగం వాయించేవాడు సమానికి (తాళం మొదటి దెబ్బకి) వచ్చినా చప్పట్లు పడవు. అదీ ఆయన పాయింటు. అయిదొందల పేజీలు నింపాదిగా దరువు పేర్చుకుంటూ వచ్చి, చివరి వంద పేజీల్లో అన్నీ ఒక్కసారి సమం మీద దించుతాడు. అభిమానులు ఆ చివరి ఉధృతికి సాండర్లాంచ్ అని పేరే పెట్టుకున్నారు. అర్ధరాత్రి రెండింటికి ఆ వంద పేజీల్లో ఉన్నారంటే మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టాల్సిందే.

ఇంగ్లీషు చాలా తేలిక, ఇది నిజంగా పెద్ద ప్లస్. అదే మైనస్ కూడా. సాహిత్యం కోసం వినే చెవికి ఈయన వాక్యాల్లో ఏమీ దొరకదు, గీత గీసి దాచుకునే వాక్యం వంద పేజీలకి ఒకటి తగలొచ్చు. లెగ్విన్ నుంచి నేరుగా ఈయన దగ్గరికి వస్తే చప్పగా ఉంటుంది, మధ్యలో వేరే ఎవరినైనా చదివి రండి.

మిస్ట్‌బోర్న్ మొదటి మూడూ కలిపి ఒక కథ, 2008కి అయిపోయింది. స్టార్మ్‌లైట్ అనే ఆయన ఇంకో వరస వేరే సంగతి. 2010 నుంచి 2024 దాకా అయిదు భాగాలు, ఒక్కోటీ వెయ్యి పేజీలు దాటిందే, మొత్తం పది రాస్తానంటున్నాడు. అయిదో దానితో ఒక అంకం ముగిసింది కాబట్టి అక్కడ ఆగొచ్చు. అందులో ఒక జాతి వాళ్ళు మాట్లాడేదే లయల్లో, కోపానికో లయ, దుఃఖానికో లయ, ఏ మాట ఏ లయలో అన్నారన్నదే అసలు అర్థం. తాళం పట్టుకునే చెవి ఉన్నవాళ్ళకి ఈ ఒక్క సంగతి చాలు ఊరించడానికి.

ఇంకోటి చెప్పాలి. రాబర్ట్ జోర్డాన్ అనే ఆయన ద వీల్ ఆఫ్ టైమ్ అని పెద్ద వరస రాస్తూ 2007లో చనిపోతే, ఆయన నోట్సు తీసుకుని చివరి మూడు భాగాలూ సాండర్సనే పూర్తిచేశాడు. గురువు గొంతు ఆగిన చోట అందుకోవడం ఎంత కష్టమో కచేరీలు వినేవాళ్ళకి చెప్పక్కర్లేదు. శ్రుతి కాస్త మారింది, కానీ కచేరీని మంగళం దాకా తీసుకెళ్ళాడు.

మార్టిన్, రాత్‌ఫస్: పల్లవి దగ్గరికి తిరిగిరాని పాటలు

ఈ ఇద్దర్నీ కలిపే చెప్తాను, ఎందుకంటే ఇద్దరి విషయంలోనూ మీరు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే: చివర లేకపోయినా పర్లేదా?

జార్జ్ మార్టిన్‌ది రాగమాలిక. ప్రతి అధ్యాయానికీ ఒక పాత్ర పేరే శీర్షిక, ఆ అధ్యాయం మొత్తం ఆ మనిషి కళ్ళతోనే. పాత్ర మారగానే రాగం మారినట్టు గాలే మారిపోతుంది, నిన్నటిదాకా మీరు తిట్టుకున్నవాడి అధ్యాయం వచ్చేసరికి వాడి మీద జాలేస్తుంది. ఇంత బాగా ఇది చేసినవాళ్ళు లేరనే అంటాను. కానీ రాగమాలిక చివర్లో మళ్ళీ మొదటి రాగానికి వచ్చి పల్లవి అందుకోవాలి కదా. మొదటి భాగం 1996లో, అయిదోది 2011లో. ఆరోది ఇంకా రాలేదు. ఈ కథతో తీసిన టీవీ సీరీస్ (గేమ్ ఆఫ్ థ్రోన్స్) 2019లోనే అయిపోయింది, దాని ముగింపు మీద గొడవలు వేరే. నన్నడిగితే మూడో భాగం దాకా చదివి ఆగినా డబ్బులు గిట్టుబాటే. ఆ మూడో భాగంలో ఒక పెళ్ళి విందులో వాద్యగాళ్ళు ఒక పాట మొదలుపెడతారు. ఇంతకంటే చెప్పను. చదివాక కొన్నాళ్ళు పెళ్ళిళ్ళలో బ్యాండు మేళం వింటే నాకు గుండె దడదడలాడేది.

పిల్లలకి, సున్నిత మనసున్నవాళ్ళకి మార్టిన్ వద్దు. హింస, సెక్సు రెండూ బాగానే ఉంటాయి.

పాట్రిక్ రాత్‌ఫస్‌ది మాటల చెవి. కథానాయకుడే లూట్ (పడమటి తీగల వాద్యం) వాయించే పాటగాడు, తన కథ తనే మూడు రోజులపాటు చెప్తానంటాడు. మొదటి రోజు కథ 2007లో వచ్చింది, రెండో రోజు 2011లో, మూడో రోజు ఇంకా తెల్లారలేదు. మొదటి పుస్తకంలో నిండు సభలో వాయిస్తుండగా తీగ తెగుతుంది, అయినా ఆపకుండా మిగిలిన తీగల మీదే ముగిస్తాడు. వేదికెక్కినవాడి చేతులు ఎలా వణుకుతాయో, సంగీతం తిండి కంటే ఎందుకు ముఖ్యమవుతుందో రాయడంలో ఈయన్ని మించినవాళ్ళని నేను చదవలేదు. పాడేవాళ్ళకీ, ఏదైనా వాద్యం నేర్చుకుంటున్నవాళ్ళకీ, పూర్తి కాకపోయినా సరే, ఆ మొదటి పుస్తకం ఇవ్వండి. కథ ముగియకపోతే కోపం వచ్చే రకం అయితే మాత్రం ఈ ఇద్దరి జోలికీ పోకండి, నిజంగా.

ప్రాచెట్: తందాన తాన

బుర్రకథలో ముగ్గురుంటారు. నడిమధ్య కథకుడు, అటూ ఇటూ వంతలు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథ సీరియస్‌గా నడుస్తుండగా పక్కనుంచి ఒకడు జోకు వేస్తాడు, ఇంకొకడు మన ఊరి సంగతి దూరుస్తాడు. టెర్రీ ప్రాచెట్ డిస్క్‌వరల్డ్ నవలల వరస సరిగ్గా ఇదే, ముగ్గురి పనీ ఒక్కడే చేస్తాడు. హాస్యం వంత పేజీ కింద ఫుట్‌నోట్‌లో కూర్చుని ఉంటుంది. 1983 నుంచి 2015 దాకా 41 నవలలు, ఏదైనా ఎక్కణ్ణుంచైనా తీసుకోవచ్చు, దేని కథ దానిదే. పోలీసు వ్యవస్థ, పత్రికలు, పోస్టాఫీసు, బ్యాంకులు, అన్నిటి మీదా వాత పెట్టాడు. సోల్ మ్యూజిక్ (1994) అయితే రాక్ సంగీతం ఒక రోగంలా ఊరంతా అంటుకుంటే ఎలా ఉంటుందన్న కథ.

వరసలో మొదటిదే కదా అని ద కలర్ ఆఫ్ మ్యాజిక్‌తో మొదలుపెట్టే పొరపాటు చెయ్యకండి, అప్పటికి ఆయన గొంతు ఇంకా కుదరలేదు. గార్డ్స్! గార్డ్స్! (1989) గానీ మార్ట్ (1987) గానీ తీసుకోండి. చిక్కల్లా ఇంగ్లీషే. శ్లేషలు ఎక్కువ, బ్రిటన్ జనం అలవాట్ల మీద జోకులు ఎక్కువ, మూడింట్లో ఒకటి తల మీంచి వెళ్ళిపోతుంది. మిగిలిన రెండిటికీ బస్సులో పైకి నవ్వి పక్కవాళ్ళ చూపులు భరించాల్సి వస్తుంది, అది వేరే.

ఎరిక్సన్, హాబ్, ఇంకో ఇద్దరు

స్టీవెన్ ఎరిక్సన్ మలజాన్ వరస (1999 నుంచి 2011, పది భాగాలు) కి వెళ్ళడమంటే కచేరీ సగంలో హాల్లోకి దూరడమే. ఎవరూ వినని రాగం, ఎవరూ వేయని తాళం, పక్కవాణ్ణి అడిగితే చెప్పడు. ఆయన పురావస్తు శాస్త్రం, మానవ శాస్త్రం చదువుకున్నవాడు, తవ్వకాల్లో దొరికిన పెంకుల్లాగా ముక్కలు ఇస్తాడు, కుండ మీరే అతికించుకోవాలి. రెండో భాగంలో చాలావరకు కొత్త ఖండం, కొత్త మనుషులు. అర్థం కాకపోయినా ఆనందించగలిగే గుణం ఉంటేనే వెళ్ళండి. శాస్త్రీయ సంగీతం రాగాల పేర్లు తెలియకుండా ఏళ్ళతరబడి విన్నవాళ్ళకి ఆ గుణం ఉంటుంది, వాళ్ళకి ఇస్తే ఇక ఇంకేమీ చదవరు. మా టీమ్ అబ్బాయికి నేను ఇచ్చింది ఇది. పాపం.

రాబిన్ హాబ్‌ది ముఖారి, దుఃఖం పలికించే రాగం. యువరాజుగారి అక్రమ సంతానం, ఫిట్జ్ అనేవాడు, తన జీవితం తనే చెప్పుకుంటాడు. మొదటిది 1995లో వచ్చింది, అదే లోకంలో మొత్తం 16 నవలలు, 2017లో ముగిశాయి. ఇంగ్లీషు ఇబ్బంది పెట్టదు, కథ గజిబిజి కాదు, కానీ దుఃఖం ఒక స్థాయిలో అలా నడుస్తూనే ఉంటుంది. విషాద గీతాలు వింటే తేలికపడే మనుషులుంటారు, వాళ్ళకి ఈవిడ మందు. మనసు బాగోలేనప్పుడు హుషారు పాటలు వెతుక్కునేవాళ్ళు ఈ దారిన రావద్దు. ముఖ్యంగా అందులో జంతువులు కూడా ఉన్నాయి, ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళు ఆలోచించుకోండి.

రాక్ అభిమానులకి మైకేల్ మూర్‌కాక్ పేరు చెప్పకపోతే పాపం తగులుతుంది. పాలిపోయిన చక్రవర్తి ఎల్రిక్, ప్రాణాలు తాగే నల్ల కత్తి, 1961లో మొదలైన కథలు, అన్నీ చిన్నవి, ఒక్కోటీ ఒక సాయంత్రం. టోల్కీన్ అంటే ఈయనకి పడదు, ఆ హాయిని ఏకిపారేస్తూ పెద్ద వ్యాసమే రాశాడు. ఈయనకి సంగీతంతో పోలిక వెతకక్కర్లేదు, హాక్‌విండ్ అనే బ్యాండుతో తనే వేదికెక్కాడు, బ్లూ ఆయిస్టర్ కల్ట్ 1980లో ఆ కత్తి మీద చేసిన పాటకి మాటలు రాయడంలో చెయ్యేశాడు.

టైమే లేదు, ఒక్కటంటే ఒక్క పుస్తకం చదువుతా అనేవాళ్ళకి సుజానా క్లార్క్ రాసిన పిరనేసి (2020). మూడొందల పేజీల లోపే. అంతులేని హాళ్ళు, విగ్రహాలు, కింద సముద్రం పోట్లు, అందులో దాదాపు ఒంటరిగా ఒక మనిషి. ఖాళీ మండపంలో ఒక్కరే పాడుకుంటుంటే వచ్చే ప్రతిధ్వనిలా ఉంటుంది.

ఎవరికి ఏది

చిన్నప్పుడు చందమామలో తోకచుక్క, రాకాసి లోయ లాంటి సీరియళ్ళు చదివి (దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసినవి, పేరు కూడా వేసుకోకుండా), నెలాఖరుకి పత్రిక కోసం గుమ్మంలో కూర్చున్న తరం వాళ్ళయితే, మీకు ద హాబిట్ గానీ మిస్ట్‌బోర్న్ గానీ. రెండింట్లోనూ అధ్యాయం చివర ఆ లాగుడు ఉంటుంది. పన్నెండేళ్ళ పిల్లలకి లెగ్విన్, హాబిట్. పద్యాలు కంఠతా వచ్చిన పెద్దవాళ్ళకి టోల్కీన్, భయపడకుండా ఇచ్చేయండి. సాఫ్ట్‌వేర్ వాళ్ళందరికీ సాండర్సన్ అని ఒక వాడుక ఉంది, సగమే నిజం, కోడింగ్ చేసి చేసి ఇంటికొచ్చి మళ్ళీ నియమాలు చదవలేక ప్రాచెట్ దగ్గర సేదతీరేవాళ్ళు నాకు నలుగురు తెలుసు.

ఈ పోలిక చెడిపోయే చోటు కూడా ఒకటుంది. పాట నచ్చకపోతే నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, పుస్తకం నచ్చకపోతే నెల పోతుంది. అందుకే కొనే ముందు శాంపిల్ డౌన్‌లోడ్ చేసుకుని, మొదటి రెండు పేజీలు గది తలుపేసి పైకి చదవండి. గొంతు తనంతట తను నెమ్మదించిందంటే లెగ్విన్, టోల్కీన్, హాబ్. చదువుతూ చదువుతూ కళ్ళు ముందు పేరాకి ఉరికాయంటే సాండర్సన్, మార్టిన్. నవ్వొచ్చి చదవడం ఆగిందంటే చెప్పక్కర్లేదు.

మా అక్క కూతురి మీద కిందటి సెలవుల్లో ఇదే ప్రయోగం చేశాను. ఎప్పుడు చూసినా కాలితో తాళం వేసే పిల్ల, సాండర్సనే అని పందెం కాశాను. నలభై పేజీలు చదివి పక్కన పెట్టేసింది. "పిన్నీ, వీళ్ళెవరూ జోకులెయ్యరా?" అంది. ఇప్పుడు ప్రాచెట్ ఏడోది చదువుతోంది, నా పుస్తకాలు నాలుగు ఇంకా తన దగ్గరే ఉన్నాయి.